నిజాయితీకి తొమ్మిది మార్కులు

నాంపల్లి,
జూన్ 23.

ప్రియమైన వదినకు,

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టకూడదట. మా శశికిరణ్ సార్ చెప్పారు. క్షేమంతో మొదలుపెట్టేవాడు జన్మంతా ఉన్నచోటే క్షేమంగా ఉండిపోతాడట. అందుకని నేరుగా లక్ష్యంతో మొదలుపెడుతున్నాను. వచ్చే దసరాకల్లా నేను మేనేజర్ కావాలి.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు అనుకుంటూ ఉంటావు. చెప్తాను. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, జిరాక్స్ షాపు పైన 'విజయపథం' అని వ్యక్తిత్వ వికాస కేంద్రం ఉంది. ప్రతి ఆదివారం పొద్దున క్లాసు. మా చీరల దుకాణం ఆదివారం మూసే ఉంటుంది కాబట్టి చేరాను. తాతారావుగారు కొత్త బ్రాంచి పెడుతున్నారు. దానికి మేనేజర్ ఎవరన్నది ఇంకా తేల్చలేదు. పంతొమ్మిదేళ్లుగా ఆయన దగ్గర చీరలు విప్పి, మడుస్తున్నాను. నా తర్వాత వచ్చినవాళ్లు ఇద్దరు వేరే దుకాణాల్లో మేనేజర్లయ్యారు. నాలో ఏదో తక్కువ ఉంది వదినా. అదేమిటో కనుక్కోవడానికే ఈ కోర్సు.

కోర్సులో ప్రతివాడికీ ఒక 'అద్దం మనిషి' ఉండాలి. చిన్నప్పటి నుంచి మనల్ని ఎరిగినవాళ్లు, పట్నం బయట ఉండేవాళ్లు, మొహమాటం లేనివాళ్లు. వాళ్లకు నెలకొక ఉత్తరం చేత్తో రాయాలి. ఫోన్లో అబద్ధం సులువుగా వస్తుంది, చేత్తో రాసేటప్పుడు చెయ్యి ఒప్పుకోదు అని సార్ సిద్ధాంతం. వాళ్లు జవాబు రాయాలి. చివర్లో వాళ్లకు ఒక ఫారం వస్తుంది, అది నింపి పంపితేనే మాకు సర్టిఫికెట్. నేను నీ పేరు ఇచ్చాను.

ఐదు గుణాలు పెంచుకోవాలి: ఆత్మవిశ్వాసం, సమయపాలన, చిరునవ్వు, ఎదుటివారి కళ్లలోకి చూడటం, నిజాయితీ. ఎవరికి వాళ్లమే పదికి ఇన్నని మార్కులు వేసుకోవాలి. ఈ నెల నిజాయితీకి ఏడు వేసుకున్నాను. ఎక్కువ వేసుకుంటే బాగుండదని.

నాలో ఉన్న లోపం ఒకటి చెప్పు. మొహమాటపడకు.

నీ మరిది,
పరశురాం.


రామాయంపేట,
జూలై 2.

మరిదికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు మన గల్లీ గల్లీ అంతా మా వాకిట్లోనే ఉంది. బ్యాంకు నోటీసులు తప్ప చేత్తో రాసిన కవరు ఈ మధ్య ఎవరూ చూడలేదు. మీ అన్న పంచర్ దుకాణం నుంచి గ్రీజు చేతులతోనే ఉరికొచ్చాడు. "ఎవరు పోయిన్రు?" అన్నాడు. ఎవరూ పోలేదు, నీ తమ్ముడు మేనేజర్ కాబోతున్నాడన్నాను. "గా ముచ్చటకు ఉత్తరమెందుకు" అని మళ్లీ టైరు దగ్గరికి పోయాడు.

నేను అద్దమట. ఇరవై రెండేళ్ల నుంచి జాకెట్లు కుట్టి కుట్టి దారం ఎక్కించడానికే కళ్లజోడు పెట్టుకుంటున్నాను, నా ముందు నిలబడి నువ్వు తల దువ్వుకుంటావా? సరే, కానియ్యి.

లోపం చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఏం జరిగినా నీకు పక్కవాడే కనిపిస్తాడు. పదో తరగతి లెక్కల్లో తప్పితే పెన్ను కక్కిందన్నావు. సైకిల్ మీద నుంచి పడితే రోడ్డు వేసినవాణ్ణి తిట్టావు. వనితతో పెళ్లిచూపులకు గంట ఆలస్యంగా పోయి, ఆ నెపం గౌలిగూడ బస్సు మీద పెట్టావు. ఇంట్లో చిన్నవాడివని అందరం నవ్వి ఊరుకున్నాం.

నిజాయితీకి ఏడు ఎట్లా వేశావో నాకు అర్థం కాలేదు. ఆ మూడు ఎక్కడ పోయాయో వచ్చే ఉత్తరంలో రాయి.

వదిన,
సౌభాగ్య.


నాంపల్లి,
జూలై 21.

ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం క్లాసులో చదివి వినిపించాను. సార్ మెచ్చుకున్నారు, ఇంత పదునైన అద్దం ఈ బ్యాచ్‌లో ఎవరికీ దొరకలేదన్నారు. ఆ పెన్ను మాత్రం నిజంగానే కక్కింది.

ఆషాఢం సేల్ నడుస్తోంది. అబిడ్స్‌లో నడవడానికి చోటు లేదు. ఇప్పుడు నేను నేర్చుకుంటున్నది కళ్లలోకి చూడటం. గిరాకీతో మాట్లాడుతున్నంతసేపూ చూపు తిప్పకూడదు, చిరునవ్వు చెరగకూడదు. పక్కన పిడుగు పడినా వాళ్ల కళ్లలోనే చూడాలి. ఇంట్లో వనిత మీద సాధన చేశాను. అన్నం పెడుతూ పెడుతూ, "ఏంది గట్ల గుడ్లు పెట్టి చూస్తున్నవ్, పైసలేమన్న పోగొట్టినవా?" అని అడిగింది. ఇంట్లోవాళ్లకు మన ఎదుగుదల చివరికి తెలుస్తుందని సార్ ముందే చెప్పారు.

క్లాసు అయ్యాక అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తున్నాను. అక్కడ బిచ్చయ్య అని ఒకాయన ఉంటాడు. విజయం సాధించడమెలా అని చెప్పే పుస్తకాలు ఆయన దగ్గర మోకాలెత్తు దొంతరలుంటాయి. ఒకటి తీసి చూస్తే మూడో అధ్యాయం దాకా పెన్సిల్ గీతలున్నాయి, తర్వాత పేజీలు కొత్తగా ఉన్నాయి. ఇంకొకటి తీశాను, అదీ అంతే. బిచ్చయ్య నవ్వి, "అన్ని గట్లనే ఉంటయ్ సార్. మూడో పాఠం దాటినోడు నా దగ్గరికి పుస్తకం తేలేదు ఇప్పటిదాంక," అన్నాడు. దాటినవాళ్లు పైకి వచ్చి ఉంటారు, అమ్ముకోవలసిన అవసరం ఏముంటుంది? నేను రెండు కొన్నాను.

మార్కులు: చిరునవ్వు తొమ్మిది, కళ్లలోకి చూడటం తొమ్మిది, నిజాయితీ ఎనిమిది.

పరశురాం.


రామాయంపేట,
జూలై 30.

మరిదికి,

బోనాల బట్టలు మీద పడ్డాయి, ఎక్కువ రాయలేను. గిరాకీ కళ్లలోకి చూడమని మీ సార్ చెప్పాడు, మంచిదే. నేను మాత్రం సూది వైపు చూసి కుడతాను. మాట్లాడేవాళ్లు మాట్లాడుతుంటారు, నేను ఊ కొడుతుంటాను. వాళ్ల మొహం చూస్తూ కుట్టానంటే చంక ఉండాల్సిన చోట మెడ వస్తుంది.

మీ అన్న నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. వనితకు చెప్పు, గుడ్లు పెట్టి చూస్తే భయపడొద్దని. చదవేస్తే ఉన్న మతి పోయిందని మనవాళ్లు ఊరికే అనలేదు.

సౌభాగ్య.


నాంపల్లి,
ఆగస్టు 25.

ప్రియమైన వదినకు,

శుభవార్త. తాతారావుగారు నన్ను పిలిచి, "దసరాకు కొత్త బ్రాంచి తాళాలు నీకే ఇద్దామనుకుంటున్నానయ్యా," అన్నారు. ఇంకా బయటికి చెప్పలేదు, మహర్నవమి నాడు ఆయుధపూజ దగ్గర అందరి ముందూ చెప్తారట. వనిత నమ్మలేదు, ఒట్టు వేయించుకుంది. సార్ అయితే క్లాసులో నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించారు.

పోయిన వారం దుకాణంలో ఒక గొడవ జరిగింది కానీ, అది సర్దుకుంది. మా పాత గిరాకీ కమలకుమారిగారు మనవరాలి పెళ్లికి పట్టుచీర తీసుకున్నారు. మగ్గం పనికి ఇవ్వాలి, జాకెట్టు ముక్క ఇక్కడే కోసి ఇమ్మన్నారు. అక్షిత అని కొత్తపిల్ల ఉంది, వచ్చి రెండు నెలలైంది. ఆ పిల్ల చీరను తిరగేసి అందించింది. జాకెట్టు ముక్క అనుకున్నది కాస్తా కొంగు అయింది. తలంబ్రాల చీరకు కొంగు తెగితే ఎట్లా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. పెద్దావిడ అక్కడే కూలబడి ఏడ్చేశారు. తాతారావుగారు అందరి ముందూ ఆ పిల్లను తిట్టి, లెక్క చూసి పంపించేశారు. పెద్దావిడకు వేరే చీర ఇచ్చి కాళ్లు పట్టుకున్నంత పని చేశాం.

పాపం ఆ పిల్ల. కానీ మా సార్ చెప్పినట్టు, ధ్యాస లేనివాళ్లు ఎక్కడా నిలవరు. ఈ మొత్తం గొడవలో నేను చిరునవ్వు చెదరనివ్వలేదు, అది మాత్రం నాకే ఆశ్చర్యంగా ఉంది.

మార్కులు: ఆత్మవిశ్వాసం పది, నిజాయితీ తొమ్మిది.

పరశురాం.


రామాయంపేట,
సెప్టెంబరు 2.

మరిదికి,

మేనేజర్ అవుతున్నందుకు సంతోషం. మీ అన్న నీ ఉత్తరం జేబులో పెట్టుకుని హైవే మీద లారీ ఆపిన ప్రతి డ్రైవరుకూ చెప్తున్నాడు. నేను ఆయన దగ్గర తీసుకుని మళ్లీ చదివాను. మూడుసార్లు చదివాను.

చీర తిరగేసి అందించింది ఆ పిల్ల. సరే. కత్తెర ఎవరి చేతిలో ఉంది? అది మాత్రం నువ్వు రాయలేదు.

నాకు నీ సార్ చెప్పే పాఠాలు తెలియవు గానీ, బట్ట తెలుసు. పట్టుచీర కొంగు చేతికి తగిలితే బరువుగా, జరీ గరగరమంటూ ఉంటుంది. జాకెట్టు ముక్క అంచుకు ఆ బరువుండదు. కళ్లు మూసుకుని తడిమినా నాకు తెలుస్తుంది. పంతొమ్మిదేళ్లు చీరలు మడిచినవాడికి తిరగేసి ఇచ్చినా, మరగేసి ఇచ్చినా తెలియకుండా ఉంటుందా? చేత్తో పట్టుకుని కోసినవాడు ఆ సమయంలో ఎటు చూస్తున్నాడు?

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోకు. అడిగిన దానికి జవాబు రాయి. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడ పని చేస్తోంది?

సౌభాగ్య.


నాంపల్లి,
సెప్టెంబరు 15.

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు నా ఎదుగుదల కోరేవారని నమ్మి మీ పేరు ఇచ్చాను. ఎదిగేవాడి వెనక అనుమానపడేవాళ్లు ఉంటారని, వాళ్లు చాలావరకు సొంతవాళ్లే అయి ఉంటారని నాలుగో పాఠంలో ఉంది. అప్పుడు నమ్మలేదు.

కత్తెర నా చేతిలోనే ఉంది. కౌంటర్‌లో సీనియర్ని నేను, నేను కోయక ఎవరు కోస్తారు? అంతమాత్రాన తప్పు నాదవుతుందా? ఈ సంగతి పేర్లు లేకుండా క్లాసులో అడిగాను. జరిగిపోయినదాన్ని తలుచుకుని బాధపడటం కూడా ఒక దుర్గుణమే, చూపు లక్ష్యం మీద పెట్టండి అని సార్ అన్నారు.

ఇంకో సంగతి. నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద విజయపథం వాళ్లు ఫ్లెక్సీ పెట్టారు. 'సేల్స్‌మన్ నుంచి మేనేజర్ వరకు' అని పైన, కింద నా ఫోటో. నీలం చొక్కా, చేతులు కట్టుకుని. రోజూ దాని కింద నుంచే దుకాణానికి పోతున్నాను. పిల్లలు ఆగి చూపిస్తున్నారు.

అక్షిత ఎక్కడ పని చేస్తోందో నాకు తెలియదు. ఆ విషయం ఇక ఎత్తవద్దని మనవి.

ఇట్లు,
పరశురాం.


రామాయంపేట,
సెప్టెంబరు 24.

పరశురాం,

నన్ను 'మీరు' అన్నది ఇరవై ఎనిమిదేళ్లలో ఇదే మొదటిసారి. చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

ఈ సంగతి ఎప్పటికీ ఎత్తకూడదనుకున్నాను. నువ్వే ఎత్తించావు.

నీకు పదకొండేళ్లు. నేను మీ ఇంటికొచ్చి ఆరు నెలలు. వాకిట్లో మక్క విత్తనాలు ఎండబోశారు. అత్తమ్మ పొలం పోతూ, "మబ్బు పట్టినట్టున్నది, వానొస్తే ఎత్తు బిడ్డా," అని నీకు చెప్పి పోయింది. నేను బావి దగ్గర ఉతుకుతున్నాను. నువ్వు గోలీలాటకు పోయావు. నేను వచ్చేసరికి విత్తనాలు నీళ్లలో తేలుతున్నాయి, నువ్వు తూములో చేతులు పెట్టి ఏడుస్తున్నావు. అత్తమ్మ వచ్చి నీ పేరు పెట్టి అరుస్తుంటే, "వాడు నాకు చెప్పే పోయిండు, నేనే మరిచిపోయిన అత్తమ్మా," అన్నాను. నువ్వు వడ్ల గుమ్మి వెనక నిలబడి ఉన్నావు. నీ కాళ్లు నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ ఏడు విత్తనం దొరకలేదు, అదును దాటిపోయింది. మీ అన్న మరమగ్గాల్లో కూలికి భివండి పోయాడు. పోయేటప్పుడు నాతో మాట్లాడలేదు. ఏడాదికి తిరిగొచ్చాడు, దగ్గు తెచ్చుకున్నాడు. కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదని అత్తమ్మ ఊరంతా చెప్పింది.

నేను అన్నది ఆ పూట మటుకే. దెబ్బలు తప్పించుకుంటావని అన్నాను. రెండు రోజులు పోయాక నువ్వే చెప్తావనుకున్నాను. పెద్దవాడివయ్యాక చెప్తావనుకున్నాను. నీ పెళ్లినాడు చెప్తావనుకున్నాను. అత్తమ్మ దవాఖానలో ఉన్నప్పుడు నా చేతి గంజి తాగుతూ, "గా విత్తనాలు తడవకపోతే నా కొడుకు భివండి పోకపోవు," అన్నది. అప్పుడు నువ్వు మంచం పక్కనే కూర్చుని ఉన్నావు. తల దించుకుని ఫోన్ చూస్తున్నావు.

నాకు చాలా బాధైంది పరశురాం. ఇప్పటికీ అవుతుంది. కానీ తప్పు నాది కూడా. పిల్లవాడు ఏడుస్తున్నాడని జాలిపడి నేను నీకొక అలవాటు చేశాను. నువ్వు తప్పు చేస్తే ఎవరో ఒక ఆడపిల్ల వచ్చి నిలబడుతుందనుకునే అలవాటు. అప్పుడు నేను ఇష్టపడి నిలబడ్డాను. అక్షిత ఇష్టపడి నిలబడలేదు.

నీ ఐదు గుణాల్లో దేనికి ఎన్ని వేసుకుంటావో నీ ఇష్టం. ఇక నాకు రాయాలనిపిస్తే రాయి, లేకపోతే వద్దు.

సౌభాగ్య.


నాంపల్లి,
అక్టోబరు 16.

వదినా,

ఇరవై రోజులు జవాబు రాయలేకపోయాను. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నా వైపు నుంచి ఏదో ఒక సమర్థింపు వచ్చేది, చింపేసేవాణ్ణి. విత్తనాల సంగతి నువ్వు రాసిందంతా నిజమే. ఈసారి దుకాణంలో జరిగింది కూడా జరిగినట్టు రాస్తున్నాను.

ఆ రోజు అక్షిత చీర సరిగ్గానే అందించింది. కమలకుమారిగారితో మాట్లాడుతూ నేనే తిప్పి పట్టుకున్నాను. ఆవిడ కళ్లలోకి చూస్తూ, నవ్వుతూ కత్తెర పెట్టాను. "అన్నా, అది కొంగు," అని అక్షిత అన్నది. నాకు వినపడింది. మాట్లాడుతున్నప్పుడు చూపు తిప్పకూడదని పాఠం కదా, ఆగమని ఆ పిల్లకు చెయ్యి అడ్డం పెట్టి కోసేశాను. పెద్దావిడ గొల్లుమనగానే నా నోట్లోంచి, "ఈ పిల్ల తిరగేసి ఇచ్చింది," అని వచ్చింది. ఆలోచించి అన్నది కాదు. దానంతటదే వచ్చింది.

నవమికి ముందురోజు అక్షితను వెతుక్కుంటూ పోయాను. బేగం బజార్‌లో ఒక మసాలా దుకాణంలో మిరపకాయల సంచులకు చీటీలు కుడుతోంది. కొంగు కోసిన పిల్ల అని అబిడ్స్ అంతా పాకింది, ఏ చీరల దుకాణమూ పెట్టుకోలేదట. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మిరప ఘాటుకే అయి ఉంటుంది. తాతారావుగారికి చెప్పి మళ్లీ పనిలో పెట్టిస్తానన్నాను.

"నాకు గాడ పనొద్దన్నా. ఎవ్వరి ముందల నన్ను తిట్టిన్రో, వాళ్ల ముందల నిజం చెప్పు. గంతే," అంది. సూది మళ్లీ సంచిలో గుచ్చుతూ, "ఇన్ని దినాలు నిద్రెట్ల పట్టిందన్నా నీకు?" అని అడిగింది.

రోజూ పడుకునే ముందు మార్కులు వేసుకునేవాణ్ణని ఆ పిల్లకు ఎట్లా చెప్పను?

మహర్నవమి నాడు దుకాణంలో కత్తెరలు, టేపులు, గజం కర్రలు అన్నీ అమ్మవారి ముందు పెట్టి పసుపు కుంకుమ పెట్టారు. పద్నాలుగు మందిమి ఉన్నాం. హారతి అయ్యాక తాతారావుగారు కొత్త బ్రాంచి సంగతి చెప్పడానికి గొంతు సవరించుకున్నారు. ఆయనకంటే ముందు నేను మాట్లాడాను. కొంగు కోసింది నేను, అక్షిత ఆపినా వినలేదు, అబద్ధం చెప్పి ఆ పిల్ల ఉద్యోగం తీయించాను అన్నాను. ఎవరి కళ్లలోకీ చూడలేదు వదినా. నేల చూస్తూ చెప్పాను. అక్కడ ఉన్నవాళ్లలో ఇద్దరు కొబ్బరిచిప్పలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు.

తాతారావుగారు కోప్పడలేదు. లోపలికి పిలిచి టీ తెప్పించారు.

"నాకు తెలియదనుకున్నావా పరశురామూ? నేను గల్లా దగ్గరే ఉన్నాగా. ఆ పిల్ల 'అన్నా' అని అరవడం నాకూ వినపడింది," అన్నారు.

"మరి గా పిల్లనెందుకు పంపిన్రు సార్?" అని అడిగాను.

"ఆ పెద్దావిడ ముందు ఎవరో ఒకరు పోవాలి కదయ్యా. నువ్వు పోతే నీ కోసం వచ్చే ఇళ్లన్నీ పోతాయి. ఆ పిల్ల పోతే ఆ పిల్లే పోతుంది." టీ చల్లారుతోంది తాగమని నా వైపు జరిపారు. "ఆ రోజు నేను ఆ పిల్లను తిడుతుంటే నువ్వు నోరు మెదపకుండా నిలబడ్డావు చూడు, అప్పుడే అనుకున్నాను, వీడికి బ్రాంచి ఇవ్వొచ్చని. మేనేజరన్నాక నాలుగు విషయాలు మింగాలి. రెండు నెలలు బానే మింగావు, చివరికి అమ్మవారి ముందు కక్కేశావు. ఇక తాళాలు నీకెట్లా ఇచ్చేది?"

పంతొమ్మిదేళ్లు నాలో ఏం తక్కువని వెతుక్కున్నాను. ఆయనకు నాలో నచ్చింది ఆ ఒక్క గుణమేనట. దాన్నీ పోగొట్టుకున్నాను. బ్రాంచి ఆయన మేనల్లుడికి ఇచ్చారు. నన్ను కింద అంతస్తులో లైనింగులు, ఫాల్స్ అమ్మే చోటుకు మార్చారు. అక్కడ గిరాకీ ఎవరూ కూర్చోరు.

విజయపథం వాళ్లు ఫ్లెక్సీ తీసేయలేదు, ఖర్చని. నా మొహం మీద ఇంకో అతని మొహం అంటించారు. చొక్కా నాదే, చేతులు నావే. రోజూ దాని కిందనుంచే పోతున్నాను.

మార్కులు వేసుకోలేదు.

పరశురాం.


రామాయంపేట,
అక్టోబరు 24.

మరిదికి,

నీ ఉత్తరం పట్టుకుని ఈ పూట మిషన్ దగ్గర కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. ఒక పంజాబీ డ్రెస్‌కు రెండు చేతులూ ఒకే వైపు కుట్టాను. ఏడ్చాను కూడా. తర్వాత ఎదురింటి లక్ష్మీనర్సమ్మకు పోయి చెప్పాను, మా మరిది మేనేజర్ పని పోగొట్టుకున్నాడని. "అయ్యో, ఏం తప్పు చేసిండు?" అంది. తప్పు చేసినందుకు కాదు, ఒప్పుకున్నందుకు అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, చక్కెర అప్పుగా ఇచ్చి పంపింది. నాకైతే చాలా గర్వంగా ఉంది.

విజయపథం వాళ్ల ఫారం వచ్చింది. 'శిక్షణార్థి లక్ష్యాన్ని చేరుకున్నారా?' అని ఉంది. చేరుకోలేదు అని రాశాను. 'ఏ గుణంలో మార్పు గమనించారు?' అన్నచోట నువ్వు పూజ దగ్గర చేసింది మొత్తం రాశాను, వాళ్లిచ్చిన రెండు గీతలు చాలక వెనక పేజీ కూడా నింపాను. నీకు సర్టిఫికెట్ ఇవ్వరనుకుంటాను. ఫికర్ చేయకు, గోడకు మేకు కొట్టే పని తప్పింది.

అక్షితకు అబిడ్స్‌లోనే వేరే దుకాణంలో పని దొరికిందని వనిత ఫోన్లో చెప్పింది. మీ దుకాణం వాళ్లే టీ కొట్టు దగ్గర జరిగింది నలుగురికీ చెప్పారట. పని దొరికాక ఆ పిల్ల మీ ఇంటికి మిఠాయి పంపలేదని నువ్వు చిన్నబుచ్చుకున్నావని కూడా వనిత చెప్పింది. పంపదు. ఎందుకు పంపుతుంది?

ఒక మాట. ఆ విత్తనాల సంగతి మీ అన్నకు చెప్పకు. కోపంలో రాశాను గానీ, ఇప్పుడు తవ్వి తీసి ఏం లాభం? ఆయన బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు. అత్తమ్మ కూడా లేదు. నేను మోసిందేదో మోశాను, నాకు అలవాటైపోయింది. నువ్వు నాకు ఒప్పుకున్నావు, అది చాలు.

వదిన,
సౌభాగ్య.


నాంపల్లి,
నవంబరు 3.

అన్నకు,

ఈ ఉత్తరం ఇంటికి పంపితే వదిన నీ చేతికి రానివ్వదు. అందుకే నీ దుకాణం పేరు మీద పంపుతున్నాను. కోర్సు అయిపోయింది, ఇది ఎవరూ రాయమన్నది కాదు. చెప్పొద్దని వదిన అన్నది, ఆమె మాట దాటి రాస్తున్నాను. చేతులు తుడుచుకుని, పక్కన ఎవరూ లేనప్పుడు చదువు.

నువ్వు భివండి పోయిన ఏడు మక్క విత్తనాలు తడిసింది వదిన వల్ల కాదు. అమ్మ ఆ పని నాకు చెప్పి పోయింది. నేను గోలీలాటకు పోయాను. వదిన బావి దగ్గర ఉంది, ఆమెకు ఆ సంగతే తెలియదు. నాకు దెబ్బలు పడతాయని తన మీద వేసుకుంది. ఆమె అట్లా అనడం నేను గుమ్మి వెనక నుంచి విన్నాను. ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. అమ్మ పోయేటప్పుడు కూడా విప్పలేదు. నీ దగ్గు విన్న ప్రతిసారీ నాకు తెలుసు, అది ఎవరి వల్ల వచ్చిందో.

అమ్మకు చెప్పే వీలు లేకుండా చేసుకున్నాను. నీకైనా చెప్పాలి. నువ్వు తిట్టినా పడతాను, మాట్లాడకపోయినా పడతాను. ఆదివారం బస్సుకు వస్తాను, అప్పుడు ఏం చేస్తావో చెయ్యి. ఈ లోపల నాకు ఫోన్ చేయకు.

నువ్వు భివండి పోయే రోజు ఆమెతో ఒక్క మాట మాట్లాడకుండా బస్సెక్కావు. ఆమె ఇరవై ఎనిమిదేళ్లు చేయని తప్పుకు మాట పడింది. దుకాణం కట్టేసి ఇంటికి పో అన్నా. ముందు వదినతో మాట్లాడు.

నీ తమ్ముడు,
పరశురాం.